గరువుపేట స్నిగ్ధతా పరిశీలక సంఘం

ఇంజన్ ఆయిల్ గురించి నాకు ఏమీ తెలియని రోజుల్లో నా స్కూటరు చాలా బాగా నడిచేది. మెకానిక్ ఏదో డబ్బా తెచ్చేవాడు, పోసేవాడు. నేను కిక్కు కొట్టేవాణ్ణి. అది బయల్దేరేది. ఆ డబ్బా ఏ రంగులో ఉండేదో కూడా నేను చూసిన పాపాన పోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గుత్తివంకాయ కూర ఎలా చెయ్యాలో చూపించే వీడియో వెతకమని మా ఆవిడ విశాలాక్షి ఫోను నా చేతికిచ్చింది. వంకాయల బదులు నూనె వచ్చింది. వంటనూనె కాదు, ఇంజన్ ఆయిల్. ఎవరో ఒకాయన రెండు గాజు గొట్టాల్లో రెండు కంపెనీల ఆయిల్ పోసి, రెండింట్లోనూ ఒకేసారి గోలీలు వదిలాడు. ఒక గోలీ గబుక్కున అడుగుకి చేరింది. రెండోది పెళ్ళివారింటికి వచ్చిన పెద్దమనిషిలాగా తీరిగ్గా దిగింది. "చూశారా తేడా!" అన్నాడాయన. చూశాను. ఆ చూడటంతోనే నా కొంప మునిగింది. కొంప అంటే నాదొక్కటే అయితే ఇది రాసేవాణ్ణే కాదు.

ఆ రోజు నుంచి నేను నూనెల మనిషినైపోయాను. డబ్బా మీద రెండు అంకెలుంటాయనీ, మొదటిది చలిలో నూనె ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుందనీ, రెండోది ఇంజను వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుందనీ తెలుసుకున్నాను. నూనెలో రకరకాల మందులు కలుపుతారట. మడ్డి కడగడానికొకటి, అరుగుదల ఆపడానికొకటి, నురగ రాకుండా ఒకటి, తుప్పు పట్టకుండా ఇంకొకటి. ఈ మందుల పాళ్ళు కంపెనీ కంపెనీకీ మారతాయి. ఇంత పెద్ద రహస్యం నా సీటు కిందే ఇన్నేళ్ళు నడుస్తూ ఉంటే నాకు తెలియకపోవడం ఘోరం అనిపించింది.

కిళ్ళీకొట్లో గోలీలు కొనుక్కొచ్చి, వంటింటి అలమరలోంచి గాజు గ్లాసులు తీసి వరసగా పెట్టి, ఎర్ర డబ్బా, నీలం డబ్బా, పచ్చ డబ్బా, పసుపు డబ్బా నూనెలు పోసి పరీక్షలు మొదలెట్టాను.

"ఏమండీ, చుట్టాలొస్తే షర్బతు ఇద్దామని దాచుకున్న గ్లాసులండీ అవి" అంది విశాలాక్షి.

"షర్బతు స్నిగ్ధత వేరు, దీని స్నిగ్ధత వేరు" అన్నాను. స్నిగ్ధత అంటే చిక్కదనం. ఆ మాట కాలేజీలో చదివి మరిచిపోయాను. ఇప్పుడు తిరిగి దొరికేసరికి పోయిన ఉంగరం దొరికినంత సంబరమైంది.

ఏ నూనె మంచిదో తేలేదాకా స్కూటర్లో ఏదీ పోయకూడదని నిర్ణయించుకున్నాను. పొరపాటున తక్కువరకం పోసేస్తే? అది ఇంజనుకి చేసే ద్రోహం కాదా? తేలేలోపు స్కూటరు మా ఇంటికెళ్ళే కొండ ఎక్కుతూ ఎక్కుతూ ఆగిపోయింది. అప్పట్నుంచి ఆఫీసుకి నడిచి వెళుతున్నాను. ఎవరైనా అడిగితే ఆరోగ్యం కోసం అని చెబుతాను.

ఇంతటితో అయిపోతే బావుండేది. ఒక మనిషి పిచ్చి ఒక స్కూటరుతో ఆగిపోయేది. కానీ నేను గరువుపేట పురపాలక సంఘంలో వాహనాల సెక్షను సూపరింటెండెంటుని. చెత్తబళ్ళు, దోమల మందు బండి, వైకుంఠ రథం, నీళ్ళ ట్యాంకరు, అన్నీ నా సెక్షన్లోనే. వీటిలో ట్యాంకరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మా ఊళ్ళో కొండమీద ఒక కాలనీ ఉంది. నీళ్ళ పైపు కొండ మొదలుదాకా వచ్చి ఒక కుళాయి దగ్గర ఆగిపోతుంది. పైకి ఎక్కే ఓపిక దానికి లేదు. అందుకని ఎండాకాలమంతా ఆ కాలనీ నోరు తడిపేది ఆ ఒక్క ట్యాంకరే. మా ఇల్లు ఆ కాలనీలో ఆఖరి వరసలో ఉంది.

మార్చి నెలలో బళ్ళన్నిటికీ ఆయిల్ మార్చే ఫైలు ఏటా వచ్చినట్టే వచ్చింది. నేను దాన్ని కొత్తగా వచ్చిన కమిషనరు సదాశివమూర్తి గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనకి శాస్త్రీయ దృక్పథం అంటే ప్రాణం. సంతకం పెట్టబోతూ, మాట వరసకి, "ఏ కంపెనీది?" అన్నారు.

అంతే. నా నోటికి మూత ఊడిపోయింది. చలి అంకె, వేడి అంకె, మడ్డి మందు, నురగ మందు, గోలీలు, గ్లాసులు, అన్నీ చెప్పాను. ఆయన టీ చల్లారిపోయింది. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"భీమశంకరం గారూ, మరి ఇన్నాళ్ళూ మనం ఏ ప్రాతిపదిక మీద నూనె పోస్తున్నాం?"

"ప్రాతిపదిక ఏమీ లేదండి. గరాటుతో పోస్తున్నాం."

ప్రజాసేవలో ఇంతటి చీకటి ఉంటుందని ఆయన ఊహించలేదు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. "పురపాలక వాహనములందు వినియోగించు ఇంజను నూనెల స్నిగ్ధత మరియు సంకలిత ద్రవ్యములపై సమగ్ర తులనాత్మక అధ్యయనము జరుపుటకై స్నిగ్ధతా పరిశీలక సంఘము ఏర్పాటు చేయడమైనది. అత్యుత్తమ నూనె నిర్ధారణ అగువరకు ఏ వాహనమందును ఏ సంస్థ నూనెయు పోయరాదు. పోసినచో అది సదరు సంస్థ పట్ల పక్షపాతముగా పరిగణింపబడును."

సంఘానికి కమిషనరు గారు అధ్యక్షులు. రిటైరైన కెమిస్ట్రీ లెక్చరరు వేదాచలం గారు సభ్యులు. నేను కన్వీనర్ని. నా స్కూటరుకి నేను చేసిన న్యాయమే ఇప్పుడు ఊరంతటికీ జరగబోతోందని గర్వంగా ఉంది. ఇంటికెళ్ళి ఆ రాత్రి అన్నం తింటున్నంతసేపూ కన్వీనర్ అన్న మాటని ఏదో ఒక వాక్యంలో ఇరికిస్తూనే ఉన్నాను.

"కన్వీనర్ గారూ, డ్రమ్ములో నీళ్ళు అడుగంటాయి. రేపు ట్యాంకరు వస్తుందా రాదా?" అంది విశాలాక్షి.

"వస్తుంది. రాకేం" అన్నాను.

మొదటి సమావేశానికి ముందే కంపెనీల వాళ్ళు శాంపిళ్ళు పంపించేశారు. పెద్ద పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు, మూతలూ చేతిపిడులూ ఉన్నవి, నాలుగు రంగుల్లో నా గదినిండా పేర్చారు. నా కుర్చీకి దారి లేక నేను కిటికీ వైపు నుంచి బల్లమీద ఎక్కి కూచునేవాణ్ణి. అంత నూనె మధ్య కూచుని పనిచేసే భాగ్యం మా ఆఫీసులో ఇంకెవరికీ లేదు.

సమావేశంలో మొదటి చిక్కు మొదటి అంకె దగ్గరే వచ్చింది.

"ఈ అంకె చలికాలానికి సంబంధించినదన్నారు. చలికాలంలో తప్ప దీన్ని ధ్రువీకరించడం కుదరదు కదా? మన ఊళ్ళో చలికాలం ఎప్పుడు?" అన్నారు కమిషనరు గారు.

"పోయినేడు రాలేదండి" అన్నారు వేదాచలం గారు.

బయట వడగాలి వీస్తోంది. ఏప్రిల్లో చలి ఎక్కడ దొరుకుతుందని ముగ్గురం తలలు పట్టుకుని ఆలోచించాం. చివరికి చేపల బజారు వెనక ఐసు ఫ్యాక్టరీ ఉందని నాకే తట్టింది. మర్నాడు సంఘం అంతా, నాలుగు సీసాలతో, శాలువాలు కప్పుకుని, ఐసు గదిలోకి వెళ్ళాం. ఒక గంపెడు వంజరం చేపలు పక్కన పడుకుని మా వైపు చూస్తున్నాయి. సీసాలు వంచి నూనె ఎంత తేలిగ్గా జారుతోందో చూడాలి. చూసేలోపు కమిషనరు గారికి తుమ్ములు పట్టుకున్నాయి. బయటికొచ్చేసరికి ఏ సీసా ఏ కంపెనీదో చెప్పే చీటీలు తడిసి ఊడిపోయాయి. సీసాలన్నీ చేపల కంపు కొడుతున్నాయి. వాసన విషయంలో అన్ని సంస్థలూ సమానమేనని తేలినట్టు నేను నివేదికలో రాశాను. సంఘం సాధించిన మొదటి ఫలితం అదే.

రెండో చిక్కు మందుల దగ్గర వచ్చింది. ఏ మందు సంగతి ఆ సెక్షనుకే తెలుస్తుందని కమిషనరు గారు ఫైలుని ఊరేగింపుకి పంపారు. మడ్డి కడిగే మందు గురించి పారిశుద్ధ్య సెక్షన్ని అడిగితే, "ఈ సబ్బుతో మురుగు కాలువలు కూడ కడుగవచ్చునా తెలుపగలరు" అని మమ్మల్నే తిరిగి అడిగారు. అరుగుదల ఆపే మందులో జింకు ఉంటుందని ఆరోగ్య శాఖకి పంపాం. "జింకును విరేచనములకు ఇచ్చెదము. సదరు వాహనమునకు విరేచనములు ఎన్ని దినములనుండి ఉన్నవి?" అని జవాబొచ్చింది. నురగ మందు మీద నీటి సరఫరా వారి అభిప్రాయం కోరితే, తమ పైపుల్లోకి నీళ్ళు వచ్చినప్పుడు నురగ వస్తుందో లేదో గమనించి తెలియజేస్తామన్నారు. ఇవన్నీ కలిపి కుట్టేసరికి ఫైలు రుబ్బురోలంత బరువైంది. దాన్ని మోసుకుంటూ వరండాలో నడుస్తుంటే జనం పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవారు. జన్మలో నాకు అంత గౌరవం దక్కలేదు.

ఈ లోపు చెత్తబళ్ళు ఒక్కొక్కటే షెడ్డుకి చేరాయి. దోమల మందు బండి ఆగింది. వైకుంఠ రథం ఆగింది. ఊళ్ళో శబ్ద కాలుష్యం గణనీయంగా తగ్గినట్టు కమిషనరు గారు పత్రికల వాళ్ళకి చెప్పారు. ట్యాంకరు మాత్రం తిరుగుతూనే ఉంది. దాని డ్రైవరు గౌరినాయుడు ఎలాగోలా దాన్ని బతిమాలి నడిపిస్తున్నాడు. ఎర్రటి తువ్వాలు తలకి చుట్టుకుని, పొద్దున్నే బండి ముందు అగరొత్తి వెలిగించే మనిషి. ఆ ట్యాంకరు మునిసిపాలిటీకి వచ్చిన రోజునుంచీ దానికి డ్రైవరు అతనే.

ఒకరోజు నా గది గుమ్మంలోకి వచ్చి, లోపలికి దారి లేక, డబ్బాల మీంచి తల పెట్టి మాట్లాడాడు.

"బాబూ, ఆయిలు తారులాగయిపోనాది. ఒకపాలి మీరొచ్చి దాని గొంతు ఇనండి. కొండెక్కతుంటే ముసిలోడు దగ్గినట్టు దగ్గుతంది."

"అధ్యయనం జరుగుతోంది గౌరినాయుడూ. తేలగానే పోసేద్దాం."

"తేలీదాకా ఏదో ఒకటి పోయించీయండి బాబూ."

ఏదో ఒకటి! వినకూడని మాట విన్నట్టు నేను చెవులు మూసుకున్నంత పనిచేశాను. ఇంత అధ్యయనం జరుగుతున్న చోట ఏదో ఒకటి ఏమిటి? "ఏదో ఒకటి అంటే ఏది?" అని నిలదీశాను.

"నన్నడిగితే పసుప్పచ్చ డబ్బాదండి. మా బామ్మరిది లారీకి అదే ఏస్తాడు. బండి గుర్రంలాగెళిపోతాది. డబ్బా మీద పులిబొమ్మ కూడా ఉంటాది."

అంటే ఇతను ఒక సంస్థ మనిషి! పులిబొమ్మ చూసి నూనె ఎంచుకునేవాడు! డ్రైవరుకి నూనె విషయంలో స్వప్రయోజనం ఉన్నట్టు ఆ సాయంత్రమే కమిషనరు గారికి నివేదించాను. ఇకపై డ్రైవర్లు బానెట్టు ఎత్తరాదని ఉత్తర్వు వచ్చింది.

సంఘం రెండో సమావేశంలో వేదాచలం గారు గొంతు సవరించుకున్నారు. "రసాయన శాస్త్రంలో దేన్ని పోల్చాలన్నా ముందు ఒక ప్రమాణం ఉండాలండి. ఇప్పుడు నాలుగు నూనెల్నీ పరీక్షించాలంటే, ఏ నూనె ప్రభావమూ సోకని ఇంజను ఒకటి కావాలి. పరిపూర్ణ తటస్థ యంత్రం అన్నమాట."

"అటువంటిది మన దగ్గర ఉందా?" అన్నారు కమిషనరు గారు.

ఉందని చెప్పింది నేనే. నా నోటితో నేనే చెప్పాను. ట్యాంకరులో నూనె ఎంత పాతబడిందంటే, దానిలో కంపెనీ వాళ్ళు వేసిన మందులన్నీ ఎప్పుడో హరించుకుపోయి ఉంటాయి, ఇప్పుడది ఎవరి నూనే కాదు, ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిపిస్తే పూర్తి తటస్థ స్థితికి చేరుకుంటుంది అని వివరించాను. వేదాచలం గారు లేచి నా చెయ్యి పట్టుకుని ఊపారు. కమిషనరు గారు "ఇదీ ఆలోచన అంటే!" అన్నారు. ఆ క్షణంలో నేను కొండమీద ఉంటున్నానన్న సంగతి నాకు గుర్తు రాలేదు.

మర్నాడు ట్యాంకరు మీద తెల్ల పెయింటుతో 'ప్రమాణ వాహనము' అని రాయించాం. ఎవరూ చాటుగా ఏ నూనే పోయకుండా బానెట్టుకి లక్క పోసి ఆఫీసు ముద్ర వేశాం. ఎండకి ఆ లక్క మధ్యాహ్నానికల్లా కరిగి కారిపోయేది. మళ్ళీ వేయించేవాణ్ణి. ఇందుకోసం ఒక అటెండరుని ప్రత్యేకంగా నియమించాం.

"ఏటండీ ఇది? నా బండికి నానే సెయ్యెట్టకూడదా?" అన్నాడు గౌరినాయుడు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి. నేను ఉత్తర్వు చదివి వినిపించాను. అతను తువ్వాలుతో లక్క చుట్టూ దుమ్ము తుడిచి, బండెక్కి వెళ్ళిపోయాడు.

మే నెల వచ్చింది. ట్యాంకరు వస్తున్న సంగతి మాకు రోజురోజుకీ ఇంకా ముందే తెలిసిపోయేది. మొదట్లో మా వీధి మొగలో వినిపించే చప్పుడు, తరవాత కొండ మలుపులో, తరవాత కొండ కింద బజార్లో ఉండగానే వినిపించసాగింది. ఆడవాళ్ళు ఆ దగ్గు వినగానే బిందెలు బయటపెట్టేవారు. కొన్నిరోజులు వచ్చేది, కొన్నిరోజులు రాలేక వెనక్కి వెళ్ళిపోయేది. విశాలాక్షి అంట్లు కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి పోయడం మానేసి, బట్టలు జాడించిన నీళ్ళతో అంట్లు తోమడం మొదలెట్టింది. నేను చెంబుడు నీళ్ళతో స్నానం చెయ్యడం నేర్చుకున్నాను. ఎదురింటి బాలింతరాలికి మాత్రం కాలనీలో అందరూ తలో గిన్నెడూ ఇచ్చేవారు.

"మీ గదినిండా నూనె ఉందిటగా?" అంది విశాలాక్షి ఒక పొద్దున్న.

"అవి శాంపిళ్ళు."

"శాంపిలంటే నూనె కాదా?"

"నూనే. కానీ శాంపిలు."

ఆమె నాకేసి చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. చదివేవాళ్ళలో పెళ్ళైనవాళ్ళకి తెలుస్తుంది.

ఆ చూపు పని చేసింది. ఆ మధ్యాహ్నం భోజనాల వేళ, ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు, నేను చేతికందిన నీలం డబ్బా ఒకటి పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. గౌరినాయుడు ట్యాంకరు నీడలో అన్నం తింటున్నాడు. నా చేతిలో డబ్బా చూసి ఎంగిలిచేత్తోనే లేచాడు. లక్క అప్పటికి కరిగిపోయి ఉంది. అతను బానెట్టు ఎత్తి, ఆయిల్ మూత విప్పి, గరాటు పెట్టాడు.

నేను డబ్బా ఎత్తాను. ఎత్తి, అలాగే ఆగాను. నీలమే ఎందుకు? చేతికి దగ్గరగా ఉందని. చేతికి దగ్గరగా ఉండటం ఒక ప్రాతిపదికా? ఎర్రదానిలో అరుగుదల మందు ఎక్కువని చదివాను. పచ్చది వేడికి బాగా నిలుస్తుందంటారు. పొరపాటున తక్కువరకం పోసేస్తే?

"పోసీయండి బాబూ" అన్నాడు గౌరినాయుడు మెల్లిగా.

"రేపు" అన్నాను. "రేపు కమిషనరు గారితో మాట్లాడి..."

అతను గరాటు తీశాడు. మూత బిగించాడు. నేను డబ్బా పట్టుకుని నా గదికి తిరిగొచ్చి, దాన్ని దాని వరసలో, సంస్థ పేరు బయటికి కనిపించేట్టు పెట్టాను.

మర్నాడు పొద్దున్న ట్యాంకరు కొండ మలుపులో ఆగిపోయింది. నిండా నీళ్ళతో ఆగింది. మా కాలనీ వాళ్ళందరం బిందెలు పట్టుకుని దిగేసరికి గౌరినాయుడు ముందు చక్రం పక్కన నేలమీద కూచుని ఉన్నాడు.

"పట్టేసినాది బాబూ. ఇంజనీ రాయిలాగ పట్టేసినాది. ఇంక లెగదు." తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. ఏదైనా అనాలనిపించింది, కానీ నాకు తెలిసిన మాటలన్నీ నూనె గురించినవే. జనం ట్యాంకరు అడుగు కుళాయి విప్పుకుని దొరికిన నీళ్ళు దొరికినట్టు పట్టుకున్నారు. విశాలాక్షి రెండు బిందెలు నింపి, నా వైపు చూడకుండా కొండెక్కింది.

అత్యవసర సమావేశం పెట్టాం. ఇంజను పట్టేసిందని నేను చెప్పగానే కమిషనరు గారి ముఖం వెలిగింది.

"అంటే ప్రమాణ వాహనం పరిపూర్ణ తటస్థ స్థితికి చేరుకున్నదన్నమాట!"

"ఇంతకంటే తటస్థత ఉండదండి" అన్నారు వేదాచలం గారు.

పరీక్షకి సర్వం సిద్ధం. అయితే ఏ నూనె ముందు పోయాలి? ముందు పోసినవారికి అనుకూలంగా వ్యవహరించినట్టవుతుంది. చీటీలు వేద్దామన్నారు వేదాచలం గారు. ప్రజాసేవలో జూదానికి తావు లేదన్నారు కమిషనరు గారు. చాలాసేపు కళ్ళు మూసుకుని, తరవాత తెరిచి, "నాలుగూ సమపాళ్ళలో కలిపి పోసేద్దాం" అన్నారు. మేమిద్దరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. కొట్టకుండా కూచునే ధైర్యం నాకు ఏనాడూ లేదు.

నా గదిలో డబ్బాలన్నీ మలుపు దగ్గరికి మోయించాం. ఒక పెద్ద డ్రమ్ములో నాలుగు రంగుల డబ్బాలూ ఒంపి, వెదురు బద్దతో కలిపించాం. కొబ్బరికాయ కొట్టాం. ట్యాంకరుకి బంతిపూల దండ వేశాం. కమిషనరు గారు స్వహస్తాలతో గరాటు పట్టుకున్నారు. ఇన్ని నెలలు చుక్కకి మొహం వాచిన ఇంజనులోకి నూనె గుటగుటమని దిగింది. గౌరినాయుడు బండెక్కి, తాళం కళ్ళకద్దుకుని తిప్పాడు.

టిక్కుమంది. ఇంకోసారి తిప్పాడు. టిక్కుమంది.

కమిషనరు గారు జనం వైపు తిరిగారు. "అధ్యయన ఫలితాన్ని ప్రకటించడానికి సంతోషిస్తున్నాను. నాలుగు సంస్థల నూనెలూ ఈ వాహనంపై సమానంగా పనిచేయలేదు. ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు. మన పరిశీలనలో ఎక్కడా పక్షపాతం చోటుచేసుకోలేదని రుజువైంది. దోషం నూనెది కాదు, ఇంజనుది. కావున కొత్త ట్యాంకరు కొనేముందు ఇంజనులపై సమగ్ర తులనాత్మక అధ్యయనం జరుగుతుంది. అంతవరకు అద్దెకు కూడా ఏ సంస్థ ట్యాంకరూ తేరాదు."

కొత్త సంఘానికి కన్వీనర్ ఎవరో చెప్పక్కర్లేదు. నా పేరు చదువుతుంటే నేను నమస్కారం కూడా పెట్టాను.

కమిషనరు గారి జీపు దిగువకి వెళ్ళేదాకా ఆగి, కాలనీ జనం ఖాళీ డబ్బాల మీద పడ్డారు. మూతలున్నాయి, పిడులున్నాయి, కొండెక్కించడానికి బిందెలకంటే అనువు. బూడిదతో, సర్ఫుతో, వేడినీళ్ళతో కడుక్కుని వాటితోనే కొండ కింద కుళాయి నుంచి నీళ్ళు మోయడం మొదలెట్టారు. కన్వీనరు ఇంటికి ఒక్క డబ్బా అయినా రాకపోతే బావుండదని విశాలాక్షి గుంపులో దూరి ఒక ఎర్రదీ ఒక నీలందీ లాక్కొచ్చింది. ఆ రోజు పప్పులో కొంచెం అరుగుదల మందు వాసన వచ్చింది. నేను గమనించాను కానీ పైకి అనలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కుళాయి దగ్గర వరసలో నిలబడ్డాం. విశాలాక్షి తన బిందె నింపుకుని పక్కకి జరిగింది. నా వంతు వచ్చింది. చేతిలో రెండు డబ్బాలు. ఒకేసారి రెండూ మొయ్యలేను, నడుం పట్టేస్తుంది. ముందు ఏది పట్టాలి? ఎర్రదాని పిడి గట్టిగా ఉంది. నీలందాని మూత బిగువుగా ఉంది. పిడి ముఖ్యమా, మూత ముఖ్యమా? కొండెక్కేటప్పుడు పిడి, దింపేటప్పుడు మూత... వెనక నుంచి కేకలు మొదలయ్యాయి. నీళ్ళు ఊరికే నేలమీదికి పోతున్నాయి.

"ఏదో ఒకటి పట్టండీ!" అని అరిచింది విశాలాక్షి.

నా సర్వీసు మొత్తంలో ఏ సంఘాన్నీ సంప్రదించకుండా, ఏ ఫైలూ నడపకుండా, నా అంతట నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. ఎర్రది పట్టాను.

అది కారింది.

మలుపు దగ్గరికి వచ్చేసరికి డబ్బాలో సగం లేదు. నేను ఎక్కిన దారంతా తడిగీత ఒకటి నా వెనకే వచ్చింది. అక్కడ దండ వాడిపోయిన ప్రమాణ వాహనం ఉంది. దాని నీడలో గౌరినాయుడు కూచుని ఉన్నాడు. ప్రమాణ వాహనం భాగాలు పోకుండా కాపలా కాయమని అతనికి డ్యూటీ వేసింది కూడా నేనే. కొత్త ఉత్తర్వు కాగితం అతని చొక్కా జేబులో మడిచి ఉంది. పక్కన పులిబొమ్మ డబ్బా ఒకటి, మూతదాకా నీళ్ళతో.

నేను రొప్పుతూ ఎర్ర డబ్బా దింపాను. అతను దాని కిందనుంచి కారుతున్న ధారకేసి చూశాడు. నా ముఖంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బావుండుననుకున్నాను.

"నాను మొదట్నుంచీ సెప్తన్నాను గదా బాబూ" అన్నాడు. "పసుప్పచ్చ డబ్బాయే మంచిదని."

లేచి, తన డబ్బా మూత విప్పి, ఎత్తి పట్టుకున్నాడు. "దోసిలి పట్టండి. ఎండలో ఒచ్చినారు."

దోసిలి పట్టాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. నూనె వాసన వేస్తున్నాయి. వాటిలో ఏ మందు ఎంత కలిసిందో నేను చూడలేదు. తాగాను.